వెనక గదిలోని సత్తు తట్ట

మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టేటప్పుడు మా ఇంట్లో గోడ మీది ఫోటోలన్నీ దించి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి వరసగా ఉంచుతాం. ముత్తాత, ముత్తవ్వ, పెద్దతాత, అవ్వ, చిన్నతాత, నాయన. ఈ వరసలో ఒక మనిషి లేదు. ఆమె మా నాయనను కన్నతల్లి. మేము చిన్నవ్వ అంటాం. పెళ్లినాటి ఫోటో ఒకటి ఉండేదట. 1949లో ఆమె పోయాక పరుపు, దుప్పట్లు, చీరలతో పాటు దాన్నీ తగలబెట్టేశారని అవ్వ చెప్పేది.

కారణం ఆమెకు వచ్చిన జబ్బు. క్షయ. ఇప్పటి మాటలో టీబీ.

ఇన్నేళ్ల తర్వాత ఇది ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంటి పిల్ల ఒకతె వైట్‌ఫీల్డ్ దగ్గర పీజీలో ఉండి ఉద్యోగం చేసుకుంటోంది. ఈ ఏడు సంక్రాంతి నుంచి ఉగాది దాకా మాకెవరికీ చెప్పకుండా టీబీ మందులు మింగింది. సంబంధాలు చూస్తున్నారు కదా, తెలిస్తే పాడవుతాయని భయం. ఉగాదికి ఇంటికొచ్చినప్పుడు తన లోటా తనే కడిగి వేరుగా బోర్లించుకుంటుంటే మా అక్క పట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల తన తట్ట తానే వేరు చేసుకుంది. అప్పుడనిపించింది, చిన్నవ్వ కథ ఇంక దాచి లాభం లేదని. ఆ పిల్ల ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

నగర్తపేట ఇల్లు

మా వాళ్లు మదనపల్లె పక్క నుంచి వచ్చి చిక్కపేటలో బట్టల అంగడి పెట్టుకున్నారు. కాపురం నగర్తపేటలో. పాత పేట ఇళ్లు చూసినవాళ్లకు తెలుస్తుంది. పక్కింటి గోడా మన గోడా ఒకటే. వీధి వైపు అంగడి, లోపల పడసాల, నడుమ తొట్టి. వెలుగైనా గాలైనా ఆ తొట్టిలో నుంచే రావాలి. అన్నింటికన్నా వెనకాల కట్టెలు, పాత సామాను వేసుకునే గది. దానికి కిటికీ లేదు.

1947లో చిన్నవ్వకు దగ్గు పట్టుకుంది. అప్పటికి నాయనకు రెండేళ్లు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, మనిషి చిక్కిపోయింది. ఒకరోజు గళ్ళలో రక్తం పడింది. ఆ రోజే ఆమె పడక వెనక గదిలోకి మారింది. ఆమెకని ఒక సత్తు తట్ట, ఒక సత్తు లోటా వేరుగా పెట్టారు. బిడ్డను తోడికోడలైన మా అవ్వ చేతికిచ్చారు.

"బిడ్డ అమ్మా అమ్మా అని వెనకగదికి పరిగెత్తేవాడు. గడప కాడ నేను అడ్డం కూచుంటి. లోపల ఆయమ్మ ఏడ్చేది, బయట వీడు ఏడ్చేవాడు, నడుమ నేను" అని అవ్వ చెప్పేది.

ఈ జబ్బుకు కారణం ఒక సూక్ష్మజీవి అని జర్మనీలో రాబర్ట్ కోక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. అంటే చిన్నవ్వ పుట్టక ముందే లోకానికి సంగతి తెలుసు. కాని తెలుసుకోవడం వేరు, నయం చేయడం వేరు. అరవై ఏళ్ల పాటు మందు లేదు. రాజులకైనా లేదు. మైసూరు రాజకుమారి కృష్ణాజమ్మణ్ణి క్షయతోనే పోయారు. ఆమె పేరు మీదే మైసూరులో క్షయ శానటోరియం వెలిసింది. అంతఃపురంలోనే ఆగని జబ్బు నగర్తపేట వెనక గదిలో ఆగుతుందా?

ఆరోగ్యవరం

బెంగళూరులో ఉన్నా మావాళ్లు చూసింది సొంతూరి వైపే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషనరీ సంఘాలు కొన్ని కలిసి క్షయ శానటోరియం తెరిచాయి. దాన్ని చాలా ఏళ్లు నడిపింది డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్. మన దేశంలో 1948లో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఇప్పుడు పుట్టిన ప్రతి బిడ్డ భుజం మీదా వేస్తారే, అదే టీకా.

చిన్నతాత చింతామణి మీదుగా బస్సులో చిన్నవ్వను అక్కడికి తీసుకుపోయాడు. ఆ రోజుల్లో శానటోరియం వైద్యమంటే విశ్రాంతి, గాలి, వెలుతురు, పాలు, గుడ్లు. మంచాలు తెరిచిన వరండాల్లో వేసేవారు. పూటపూటా జ్వరం చూసి కాగితం మీద గీత గీసేవారు. కొందరికి చెడిన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వాలని రొమ్ములోకి సూదితో గాలి ఎక్కించేవారు. కొంతమంది కోలుకునేవారు. కోలుకోనివాళ్లు ఎక్కువ.

ఎనిమిది నెలలుండి, కొంచెం ఒళ్లు చేసి చిన్నవ్వ తిరిగొచ్చింది. బిడ్డ ఆమెను గుర్తుపట్టలేదు. మళ్లీ అదే వెనక గది, అదే సత్తు తట్ట. ఏడాది తిరక్కుండానే పోయింది. స్ట్రెప్టోమైసిన్‌ను అమెరికాలో కనిపెట్టింది 1943లో. 1949 నాటికి మన దగ్గర అది దొరకడమే గగనం, దొరికినా మా బట్టల అంగడి ఆదాయానికి అందేది కాదు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. క్షయ తట్టలతో, లోటాలతో, చీరలతో అంటుకునేది కాదు. జబ్బు మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలో కలిసే క్రిములను పక్కవాళ్లు పీల్చడంతో వస్తుంది. గాలి ఆడని, వెలుతురు లేని గది దానికి మంచి చోటు. అంటే మావాళ్లు వేరు చేయాల్సిన పనిలేని తట్టను వేరు చేశారు. గాలి కావాల్సిన మనిషిని కిటికీ లేని గదిలో పెట్టారు. తప్పు పట్టడానికి అనడం లేదు. వాళ్లకు తెలిసినంతలో ఇంట్లో మిగతా తొమ్మిదిమందిని కాపాడాలని చూశారు. ఆరోగ్యవరం వరండాలు చూసొచ్చిన చిన్నతాతకు కూడా మన ఇంట్లో ఒక గోడకు కిటికీ పెట్టించాలని తోచలేదు. ఆ గోడ పక్కింటిది కూడా మరి.

1964: అదే దగ్గు, వేరే కాలం

చిన్నతాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. నాయన అవ్వ దగ్గరే పెరిగాడు, ఆమెనే అమ్మా అన్నాడు. 1964లో నాయనకు పంతొమ్మిదేళ్లు. ఒకరోజు పొద్దున తొట్టి దగ్గర నోరు కడుక్కుంటూ ఉమ్మితే ఎర్రగా పడింది.

"నాకు కాళ్లు చల్లబడినాయి. ఆయమ్మ నా చేతిలో పెట్టిపోయిన బిడ్డ. ఆయమ్మ జబ్బే వాని వెనకాల పదిహేనేళ్లు నడిచొచ్చిందే అనుకొంటి" అనేది అవ్వ.

అవ్వకు తోచిన మాటే డాక్టర్లూ చెబుతారు. చిన్నతనంలో ఒంట్లో చేరిన క్రిమి ఏళ్ల తరబడి నిద్రపోయి ఎప్పుడో లేవచ్చు. చాలామందిలో అసలు లేవదు, పదిమందిలో ఒకరికి లేస్తుందేమో. రెండేళ్లప్పుడు తల్లి పక్కలో పడుకున్నప్పుడే నాయనకు అది చేరి ఉండవచ్చు.

అవ్వ మళ్లీ సత్తు తట్ట తీయబోయింది. ఈసారి కథ వేరేగా నడిచింది. అందుకు కారణాలు రెండు ఊళ్లలో ఉన్నాయి.

ఒకటి మద్రాసు. అక్కడ 1956లో క్షయ మందుల పరిశోధన కేంద్రం పెట్టారు. పేదపేటల్లోని 193 మంది రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానటోరియంలో, మంచి తిండి, విశ్రాంతితో. ఇంకో జట్టు తమ ఇరుకు ఇళ్లలోనే, ఉన్న తిండే తింటూ. ఇద్దరికీ మందులు ఒకటే, ఐసోనియాజిడ్, పాస్, ఏడాది పాటు. 1959లో ఫలితం బయటికొచ్చింది. శానటోరియంలో నూటికి 92 మందికి జబ్బు అణిగింది, ఇంట్లో 86 మందికి. అంత పెద్ద తేడా కాదు. తర్వాత ఏళ్ల తరబడి ఆ ఇళ్లలోని మిగతావాళ్లను కనిపెట్టి చూశారు. రోగి ఇంట్లో ఉన్నందువల్ల వాళ్లకు జబ్బు ఎక్కువగా రాలేదు. మందు మొదలైతే రోగిని ఇంటి నుంచి పంపేయాల్సిన పనిలేదని తేలింది.

రెండోది మన బెంగళూరే. బళ్లారి రోడ్డులో అవలాన్ అనే పాత బంగళాలో జాతీయ క్షయ సంస్థ పెట్టారు. 1960 సెప్టెంబరులో నెహ్రూ వచ్చి ప్రారంభించారు. అక్కడివాళ్లు తుమకూరు జిల్లా పల్లెల్లో తిరిగి, జబ్బున్న మనుషులను అడిగి చూశారు. పల్లెటూరివాళ్లు దగ్గును పట్టించుకోరు అని అప్పటిదాకా అందరి నమ్మకం. తీరా చూస్తే, సగానికి పైగా మంది తమంతట తామే వైద్యం వెతుక్కుంటూ పోయారు. చాలామందిని దగ్గు మందు సీసా ఒకటి చేతికిచ్చి తిప్పి పంపారు. తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. 1962లో జాతీయ క్షయ కార్యక్రమం ఈ ఆలోచన మీదే మొదలైంది: దగ్గుతో వచ్చినవాళ్ల కఫం దగ్గరి ఆసుపత్రిలోనే పరీక్ష చేయాలి, మందులిచ్చి ఇంటికే పంపాలి.

నాయనకూ అట్లాగే జరిగింది. క్లినిక్‌లో డాక్టరు, "శానటోరియం అక్కర్లేదమ్మా, ఇంట్లోనే పెట్టుకో. మందు ఒక్కరోజు కూడా తప్పకూడదు. కిటికీ పక్కన పడుకోబెట్టు" అన్నాడట. అవ్వ నాయన మంచాన్ని తొట్టి అంచుకు లాగింది. పాస్ పొడి నోట్లో పెట్టుకుంటే వాంతి వచ్చేదట, రోజుకు పది గ్రాములు మింగాలి. కడుపులో తిప్పి, తిండి సహించేది కాదు. నెల గడిచేసరికి ఒళ్లు తేలికపడి, "బాగైపోయినా, ఇంక వద్దు" అని నాయన మొండికేశాడు. చాలామందికి జబ్బు తిరగబెట్టేది ఇక్కడే.

అవ్వకు చదువు రాదు. మందు మింగిన ప్రతిపూటా పడసాల గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. ఆమె ముందరే మింగాలి, నోరు తెరిచి చూపించాలి. ముప్పై ఏళ్ల తర్వాత ప్రభుత్వం డాట్స్ అని పెట్టి, ఒకరి కళ్ల ముందర మందు మింగించాలి అంది. మా అవ్వ అదే పని బొగ్గుతో చేసింది. ఏడాది దాటేసరికి గోడ నల్లబడింది. ఆ గోడకు సున్నం కొట్టనీయలేదు చాలా రోజులు.

నాయన 1970లో పెళ్లి చేసుకున్నాడు, మమ్మల్ని కన్నాడు, డెబ్బై ఏళ్లు బతికాడు.

వంటిల్లు చేసిన పని

నాయనకని అవ్వ రోజూ రాగి సంగటి, పప్పు, ఒక గుడ్డు, రాత్రికి పాలు పెట్టేది. ఇంట్లో పిల్లలందరికీ కూడా అదే. "వానికొక్కనికే పెడితే మిగతావాళ్ల నోరు ఊరుకుంటుందా?" అనేది. ఆ మాటలో ఎంత అర్థముందో 2023లో తెలిసింది. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలోని పదివేలకు పైగా మందిపై ఒక అధ్యయనం జరిగింది. నడిపింది మంగళూరు వైద్య కళాశాల డాక్టర్లు అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ. రోగితో పాటు ఇంట్లోవాళ్లకూ నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్లు ఇచ్చిన ఇళ్లలో, ఇవ్వని ఇళ్లకన్నా కొత్తగా జబ్బు పడినవాళ్లు దాదాపు నూటికి 40 తగ్గారు. రోగికి మందు, ఇంటికి తిండి, రెండూ కావాలని.

ఇవాళ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలలు చాలు. సరైన మందు మొదలైన కొన్ని వారాల్లోనే పక్కవాళ్లకు అంటుకునే భయం బాగా తగ్గిపోతుంది. అయినా ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. ఐటీ పార్కు పక్కన పీజీ గదిలో నలుగురు పడుకుని, కిటికీలు మూసి ఏసీ వేసుకుంటే, అది మా నగర్తపేట వెనక గదికి ఎంత దూరం?

మాట వేరు చేయడం

అవ్వ చివరి రోజుల్లో ఒకసారి నాతో అంది: "తట్ట వేరు చేసినాం, సరే, తెలీక చేసినాం. మాట కూడా వేరు చేసినాం, అదే నాకు బాధ. ఆయమ్మ లోపల నుంచి 'అక్కా, బిడ్డ తిన్నాడా?' అని అడిగేది. నేను ఊఁ అని ఊరుకొంటి. దగ్గరకి పోయి చెప్పకపోతి. గడప కాడ నిలబడి రెండు మాటలు చెప్పింటే ఏం పోయేది?"

మా పిల్ల మందులు ఆషాఢానికి అయిపోయాయి. కఫం పరీక్షలో ఏమీ లేదన్నారు. ఆ నెలలన్నీ మా అక్క రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసి, మింగినావా అని అడిగేది. ఇంటికొచ్చినప్పుడు అందరి తట్టల్లోనే దాని తట్టా. మొదట్లో రెండు మూడుసార్లు అదే వేరుగా తీసి పెట్టుకుంది, మేం మళ్లీ కలిపేశాం. తర్వాత మానేసింది. సంబంధం వాళ్లకు ముందుగానే చెప్పాం. ఒకరు వద్దన్నారు. ఇంకొకరు ఇంకా ఆలోచిస్తున్నారు.

ఈసారి మహాలయ అమావాస్యకు ఫోటోల పక్కన ఇంకో విస్తరి వేశాం. ఫోటో లేదు కాబట్టి పేరు చెప్పి పెట్టాం. సంగటి, పప్పు, ఒక గుడ్డు. వడ్డించింది ఆ పిల్లే.

మీ ఇళ్లలో కూడా ఫోటో లేని మనిషి ఒకరు ఉండే ఉంటారు. మీ అవ్వో, పెద్దమ్మో ఉన్నప్పుడే అడిగి తెలుసుకోండి. వాళ్లు ఏ జబ్బుతో పోయారో తెలిస్తే మీ పిల్లల డాక్టరుకు అది పనికొస్తుంది. వాళ్ల పేరు తెలిస్తే విస్తరి ముందర పలకడానికి పనికొస్తుంది.