కన్నమదాసు: పలనాటి సేనానిత్వంపై ఒక పరిశీలన

పిడుగురాళ్లకు పడమట గురజాల, కారెంపూడి, మాచర్ల ఉన్నాయి. పన్నెండవ శతాబ్ది ఉత్తరార్ధంలో జరిగినట్లు చరిత్రకారులు భావించే పలనాటి యుద్ధానికి ఈ మూడూళ్లే రంగస్థలం. గురజాలలో నలగామరాజు పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్లలో మలిదేవరాజు పక్షాన బ్రహ్మనాయుడు నిలిచారు. మాచర్ల సేనకు అధిపతిగా వీరగాథలు పేర్కొనే కన్నమదాసు మాల కులస్థుడు. బ్రహ్మనాయుడు ఆయనను జ్యేష్ఠపుత్రుడుగా స్వీకరించాడని గాథ చెబుతుంది.

ఈ స్వీకారాన్ని మన విమర్శకులు సాధారణంగా సంఘసంస్కరణగా వ్యాఖ్యానించారు. చాపకూడును, అంటే కులభేదం లేని సహపంక్తి భోజనాన్ని, దానికి జతచేశారు. ఆ వ్యాఖ్య తప్పని అనను. అయితే అందులో కర్త ఎప్పుడూ బ్రహ్మనాయుడే. కన్నమదాసు కేవలం అనుగ్రహపాత్రుడుగా మిగిలిపోతాడు. దండు నడిపినవాడిని దయ పొందినవాడుగా మార్చడం అతని చరిత్రను కుదించడమే. కుమారత్వం, సహభోజనం యుద్ధబృందాన్ని ఒక్కటిగా కట్టే బంధాలు కూడా. వంశబలం లేని సేనాని ఆజ్ఞను వంశగౌరవం గల వీరులు తలదాల్చాలంటే, అతడు నాయకుని ఇంటి పెద్దకొడుకు కావలసివచ్చింది. పేరు చివరి ‘దాసు’ కూడా ఇక్కడ గమనింపదగినది. చెన్నకేశవుని కొలిచిన మాచర్ల వర్గంలో అది వైష్ణవభక్తునికి చెల్లే గౌరవనామం.

కాకతీయ సేనాని రేచర్ల రుద్రునితో పోల్చినప్పుడు ఆధారాల స్వభావం స్పష్టమవుతుంది. గణపతిదేవుని కాలంలో రుద్రుడు పాలంపేటలో రుద్రేశ్వరాలయం కట్టించి, 1213లో శాసనం వేయించాడు. తన వంశాన్నీ పరాక్రమాన్నీ తానే రాతిపై నిలుపుకొన్నాడు. కన్నమదాసు కీర్తి నిలిచింది పాటలో. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ను 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించారు. పండితలోకం ప్రధానంగా ఆ పాఠంమీదే ఆధారపడింది. మౌఖిక గాథకు ఆ స్థాయి పరిశీలన ఆలస్యంగా దక్కింది. జీన్ రోఘేర్ సేకరించి అనువదించిన పాఠం 1982లో గాని గ్రంథరూపం పొందలేదు. ఈ గాథను పాడే వీరవిద్యావంతులు మాల సముదాయానికి చెందినవారే కావడం ఇక్కడ ముఖ్యం. దాతకు, శాసనకవికి మధ్య ఉండే సంబంధం వంటిది ఇక్కడ సేనానికి, గాయకునికి మధ్య ఉంది. రుద్రుని శాసనాన్ని స్వోత్కర్ష అని త్రోసిపుచ్చని మనం, గాయకుల పాఠాన్ని కులాభిమానమని ప్రక్కన పెట్టడం న్యాయం కాదు. రెంటినీ ఒకే కొలతతో పరీక్షింపవలసి ఉన్నది.

కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. ఏటా కార్తిక అమావాస్యనాడు రాచగావుతో ఉత్సవం మొదలవుతుంది. తరువాత వరుసగా రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు జరుగుతాయి. మందపోరునాటి చాపకూడులో నేటికీ అన్ని కులాలవారు కలిసి కూర్చుంటారు. వీరుల ఆయుధాలుగా పూజలందుకొనే కొణతాలను ఊరూరి నుండి ఆచారవంతులు మోసుకొస్తారు.