కోసేదెవరు? – అమెరికాలో ‘మీరే కోసుకోండి’ టమాటా తోటల చరిత్ర



ఈ పూట నేను చెప్పబోయే సంగతి మన దేశానిది కాదు. అమెరికాలో పట్నాలకు దగ్గరగా వున్న కొన్ని తోటల ముందు ఒక బోర్డు కట్టి వుంటుంది. ‘మీరే కోసుకోండి’ అని దాని అర్థం. పట్నవాసులు కార్లలో వస్తారు. వాకిట్లో కాటా దగ్గర బుట్ట తీసుకొని తోటలోకి పోతారు. పండిన టమాటాలు చేతికి నచ్చినవి కోసుకొని, తూకం వేయించి, డబ్బు చెల్లించి యింటికి పోతారు. అక్కడ మండీ లేదు, దలారీ లేడు.

న్యూజెర్సీలో వుంటున్న మా అక్కయ్య యేటా ఆగస్టు నెలలో పిల్లలను వెంటబెట్టుకొని ఇటువంటి తోటకు పోతుంది. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామంది వున్నారు. ఆదివారంనాడు సాళ్ల మధ్య తెలుగు మాట వినపడుతూనే వుంటుందట. “ఒరే తమ్ముడూ, డబ్బిచ్చి మరీ కూలి చేసి వస్తున్నాంరా” అని ఫోనులో నవ్వుతుంది. అందరూ ఎర్రని పండ్లు వెతుక్కుంటే, మనవాళ్లు పచ్చడికి పచ్చికాయలు కావాలంటారు. తోట యజమానికి మొదట్లో ఆ సంగతి అర్థం కాలేదట.

వినడానికి ఇది వేడుకగానే వుంటుంది. కాని ఈ పద్ధతి వేడుకలో పుట్టినది కాదు. ఎందులో పుట్టినదో చెప్పేముందు మా యింటి ముచ్చట ఒకటి చెబుతాను.

మాది మదనపల్లె వైపు పల్లె. నేను బడిలో చదువుకునే రోజుల్లో ఒక వేసవిలో మా నాన్నగారు ఎకరం టమాటా పెట్టారు. పైరు బాగా వచ్చింది. పండు తిరిగేసరికి ధర పడిపోయింది. కోత కూలి, క్రేటు అద్దె, బండి కిరాయి, మండీలో కమీషను, హమాలీ అన్నీ కలిపితే చేతినుంచి పడేటట్లు లెక్క తేలింది. పక్క చేనువారు గొర్రెల మందను తోలించారు. మా నాన్నగారికి మనసు ఒప్పలేదు. “ఎవరికి కావలసినవి వారు కోసుకొని పోవచ్చు” అని వూళ్లో దండోరా వేయించారు. మరునాటి పొద్దుటికి తోటంతా జనం. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మామూలుగా మాకు కోతకు వచ్చే ఆడవాళ్లే. ఆ యేడు వాళ్లకు కోత కూలి పోయింది, కూర మాత్రం దొరికింది. సాయంత్రానికి చెట్లు తొక్కుడు పడినవి, కట్టెలు వొరిగినవి, పచ్చికాయలు సాళ్లలో రాలి వున్నవి. మా నాన్నగారు గట్టు మీద కూర్చుని, “పోనీలే, పది యిళ్లలో పులుసు కాగింది” అన్నారు. ఆయనకు మిగిలినది ఆ మాటే.

అమెరికా రైతుకు కూడా ఒక కాలంలో ఇదే లెక్క ఎదురైంది. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం 1930 దశాబ్దమంతా పీడించింది. కూరగాయలకు, పండ్లకు వచ్చే ధర కోత కూలికి, బుట్టల ఖరీదుకు, రవాణాకు చాలని రోజులు వచ్చినవి. పంట చేనులో వున్నది, కోయించే శక్తి రైతుకు లేదు. పట్నంలో తినేవాళ్లు వున్నారు, కొనే శక్తి వారికి లేదు. ఐతే అక్కడ ఒక వసతి వున్నది. 1930 నాటికే ఆ దేశంలో 2 కోట్లకు పైగా కార్లు వున్నవి. బీదరికం వచ్చినా చాలా కుటుంబాలు పాతకారును వదులుకోలేదు. “మీ బుట్ట మీరు తెచ్చుకోండి, మీరే కోసుకోండి, ధర తగ్గించి యిస్తాను” అని రైతు అన్నాడు. కూలి, బుట్ట, బండి – ఈ మూడు ఖర్చులూ ఒక్క మాటతో కొనేవాని మీదికి పోయినవి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కూడా ధరలు దిగినప్పుడల్లా రైతులు ఈ దారినే పట్టారు.

ఇందులో టమాటాకు ప్రత్యేక స్థానం ఎందుకు వచ్చిందంటే, అది సీసాల్లో పెట్టే పంట. అక్కడి చలికాలంలో తోట లేదు. అందుచేత యింటి ఆడవాళ్లు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో టమాటాలను వుడికించి గాజు సీసాల్లో మూత బిగించి యేడాదికి నిలవ చేసేవారు. టమాటాలో పులుపు వుండడంవల్ల మరిగే నీళ్లలో వుంచి తీసినా నిలిచేది. (ఇప్పటి నిపుణులు, పులుపు తక్కువ రకాలు వున్నవి గనుక నిమ్మరసం కూడా కలపమంటున్నారు.) 1943లో యుద్ధం మూలంగా డబ్బాల్లో వచ్చే ఆహారానికి రేషను పెట్టారు. అప్పుడు యింటి సీసాలకు గిరాకీ మరీ పెరిగింది. సీసాలు నింపే గృహిణి కిలో రెండు కిలోలు కొనదు. బుషెలు లెక్కన కొంటుంది. టమాటా బుషెలు అంటే సుమారు 24 కిలోలు. అలాంటివి మూడు నాలుగు కోసుకొని కారులో వేసుకొని పోయే బేరం గనుక, రైతుకు ఒక రోజులో ఒక సాలు ఖాళీ అయ్యేది.

ఇదే సమయంలో దేశానికి అవతలి కొసన, కాలిఫోర్నియాలో, ‘కోసేదెవరు?’ అన్న ప్రశ్నకు మరొక జవాబు తయారవుతున్నది. అక్కడ డబ్బాల ఫ్యాక్టరీలకు టమాటా పండించేవారు. కోతకు మెక్సికో కూలీలు 1942 నుంచి ప్రభుత్వ ఒప్పందం మీద వచ్చేవారు. ఆ ఒప్పందం 1964 చివర ముగిసింది. అప్పటికే డేవిస్‌లోని విశ్వవిద్యాలయంలో జాక్ హన్నా అనే ఆయన దెబ్బకు తట్టుకునే, ఒక్కమారే పండే రకాన్ని తయారుచేస్తూ వచ్చారు. కోబీ లోరెన్జెన్ అనే ఇంజనీరు కోతయంత్రం తయారుచేశారు. చెట్టును మొదలంటా కోసి, విదిలించి కాయ రాల్చే యంత్రం అది. ఆ యంత్రానికి తగినట్లు కాయను గట్టిగా మార్చారు. 1970 నాటికి ఫ్యాక్టరీ టమాటా దాదాపు అంతా యంత్రంతోనే కోస్తున్నారు. దానితోపాటు జరిగిన మరొక సంగతి చూడండి. 1960ల మొదట్లో సుమారు 4 వేలమంది రైతులు ఆ పంట పండించేవారు, 1973 నాటికి సుమారు 600 మంది మిగిలారు. యంత్రం కొనగలవాడు నిలిచాడు, తక్కినవాడు పక్కకు తప్పుకున్నాడు.

పచ్చిగా తినే టమాటా సంగతి వేరు. అది ఫ్లోరిడావంటి దూరపు రాష్ట్రాలనుంచి రావాలి గనుక పచ్చిగా వుండగానే కోసి, ఇథిలీన్ వాయువుతో రంగు తిప్పి అంగళ్లకు పంపుతారు. ఆ వాయువు విషం కాదు, పండుతున్న కాయ తనంతట తానే విడిచేది. చిక్కు ఎక్కడంటే, ముదరకుండానే కోసిన కాయకు రంగు వస్తుంది గాని రుచి రాదు. పైగా 12, 13 డిగ్రీలకన్నా తక్కువ చలిలో వుంచితే వున్న రుచి కూడా పోతుంది. (మన యిళ్లలో టమాటాలను ఫ్రిజ్‌లో పెట్టేవారు ఈ ముక్క గుర్తు పెట్టుకోవచ్చు.) పట్నంలో రుచి లేని టమాటా తిన్నకొద్దీ, చెట్టునే పండిన కాయకోసం ఇరవై మైళ్లు పోయేవాళ్లు తయారయ్యారు. మాంద్యంలో చవక కోసం వచ్చినవారి బిడ్డలు ఇప్పుడు రుచికోసం రావడం మొదలుపెట్టారు.

1973, 74 సంవత్సరాల్లో అక్కడ ఆహారం ధరలు మండినవి. 1976లో అమెరికా ప్రభుత్వం, రైతు నేరుగా వినియోగదారునికి అమ్ముకోవడాన్ని ప్రోత్సహించే చట్టం చేసింది. రాష్ట్రాల వ్యవసాయశాఖలకు, విస్తరణ సేవలకు అందుకు నిధులు యిచ్చారు. అంటే మావంటి ఉద్యోగులకు పని పడిందన్నమాట. వారు రైతులకు నేర్పినదంతా చదివితే, మా నాన్నగారి తోట ఆ రోజు ఎందుకు పాడైందో నాకు తెలిసివచ్చింది.

తోటకు ఒకే వాకిలి వుండాలి. కాటా, డబ్బుపెట్టె అక్కడే వుండాలి. సాలుకూ సాలుకూ మధ్య యిద్దరు మనుషులు బుట్టలతో ఎదురుపడి తప్పుకునేంత దారి వదలాలి. చెట్లకు కట్టెలు పాతి ఎత్తు కట్టాలి, లేకుంటే వచ్చినవారు తీగ తొక్కుతారు. ఈ రోజు కోయవలసిన సాళ్లకు జెండా గుచ్చి, వచ్చినవారిని వరసగా అక్కడికే పంపాలి. స్వేచ్ఛగా వదిలితే దగ్గరి సాళ్లు మాత్రమే ఖాళీ అయి, దూరపువి చెట్టునే కుళ్లుతవి. ఆకు తడిగా వుండగా ఎవరినీ తోటలోకి పంపరాదు, చేతులతో తెగులు చెట్టునుంచి చెట్టుకు పాకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం – మందు కొట్టిన తరువాత కోతకు ఎన్ని రోజులు ఆగాలో, మనిషి తోటలోకి అడుగు పెట్టడానికి ఎంత వ్యవధి వుండాలో చీటీ మీద వ్రాసి వుంటుంది. ఆ లెక్క దాటేవరకు వాకిలి మూసివుంచాలి. కొనేవాడు కాయను తోటలోనే కొరికి చూస్తాడు గదా! పిల్లవాడు జారి పడితే ఆ బాధ్యత యజమానిదే గనుక బీమా కూడా కట్టాలి.

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన మనిషి బుకర్ టి. వాట్లీ. అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో నల్లజాతివారి కోసం నెలకొల్పిన విద్యాలయంలో ఉద్యానశాస్త్రం చెప్పిన ఆచార్యుడు. 1915లో పుట్టి 2005లో పోయారు. చిలగడదుంపలో కొత్త రకాలు తీసిన శాస్త్రజ్ఞుడు. ఐనా ఆయన దిగులంతా వేరే వున్నది. 1920లో అమెరికాలో నల్లజాతి రైతులు సుమారు 9 లక్షల 25 వేలమంది. 1982 నాటికి మిగిలింది సుమారు 33 వేలు. పత్తిని, మొక్కజొన్నను నమ్ముకున్న చిన్నరైతు నిలవలేడని ఆయన గ్రహించారు. 25 ఎకరాల తోటలో పదిరకాల పంటలు పెట్టమన్నారు. యేడాది పొడవునా ఏదో ఒకటి చేతికి రావాలన్నారు. చుట్టుపక్కల వెయ్యి కుటుంబాలను సభ్యులుగా చేర్చుకొని, యేడాదికి 25 డాలర్ల చందా ముందుగా తీసుకోమన్నారు. ఆ సభ్యులే వచ్చి కోసుకొని, బజారుకన్నా చవకగా కొనుక్కుంటారు. విత్తనం వేయకముందే రైతు చేతిలో 25 వేల డాలర్లు వుంటవి. అప్పుకు పోవలసిన పని లేదు.

తోట ఎక్కడ వుండాలో కూడా ఆయన నిక్కచ్చిగా చెప్పారు. పక్కా రోడ్డు మీద వుండాలి, కనీసం 50 వేల జనాభా గల పట్నానికి 40 మైళ్లలోపు వుండాలి. 1987లో ఆయన పుస్తకం వచ్చింది. 25 ఎకరాల్లో లక్ష డాలర్లు ఎలా సంపాదించాలన్నది దాని పేరు. ఆ లక్ష అంకె అందరికీ అందేది కాదని నా అభిప్రాయం. వెయ్యి కుటుంబాలను కూడగట్టడం సేద్యంకన్నా కష్టం. కాని చందా ముందు తీసుకోవాలన్న ఆలోచన మాత్రం చాలా తోటలకు పాకింది.

తరువాత గిరాకీ సన్నగిల్లింది. ఆడవాళ్లు ఉద్యోగాలకు పోయారు, కుటుంబాలు చిన్నవైనవి, సీసాలు నింపేవాళ్లు తగ్గారు. బుషెళ్లు కోసుకునేచోట నాలుగు కాయలు కోసి, ఫొటో తీసుకొని పోయేవారు వచ్చారు. దానితో కొందరు రైతులు లోపలికి రావడానికే రుసుము పెట్టారు, గుమ్మడికాయలు, గడ్డిబండి షికార్లు చేర్చారు. 2020లో కోవిడ్ నాడు, ఆరుబయట చోటు గనుక, మళ్లీ జనం వచ్చారు.

ఇక మన సంగతి. 1999 జనవరి 26న ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలైనవి. అక్కడ రైతు పంటను పట్నానికి మోసుకొని పోతాడు, ఇక్కడ పట్నమే పంట దగ్గరకు వస్తుంది. తేడా అంతే. 2023 జూలైలో మన టమాటా కిలో 100 రూపాయలు దాటింది, అదే పంటను రోడ్డు మీద పారబోసిన యేళ్లూ చూశాము. మారుమూల పల్లెలో ఎకరాలకు ఎకరాలు వేసినవారికి ఈ పద్ధతి పనికిరాదు, వారికి మండీ తప్పదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖ, తిరుపతివంటి పట్నాల అంచున, బండి వచ్చే దారి మీద, అర ఎకరమో ఎకరమో వున్నవారు చూడవచ్చు. మొత్తం తోట ఒకేమారు పండకుండా, పదిహేను రోజులకొకసారి కొన్ని సాళ్లు నాటుకోవాలి.

ఈ సంగతే ఒక గ్రామసభలో చెబుతూ వుంటే వెనకనుంచి ఒక కోతకూలీ ఆమె లేచింది. “అయ్యా, పట్నపోళ్లే కోసుకుంటే మా కూలి ఏం కావాల?” అని అడిగింది. నాకు మా తోటలో ఆనాటి ఆడవాళ్లు గుర్తుకు వచ్చారు. అమెరికాలో ఇటువంటి తోటలు చాలావాటిలో వాకిట్లో రెండు ధరలు వుంటవని చెప్పాను. తానే వంగి కోసుకుంటే ఒక ధర, కోసి బుట్టలో పెట్టివుంచినదానికి మరొక ధర. నడుము వంచలేని ముసలివాళ్లు, తీరిక లేనివాళ్లు ఆ రెండవదే కొంటారు. ఆ కోత కూలీలదే. “ఐతే ఆ రెండో ధర ఎంత పెట్టాలో మమ్మల్ని కూడా అడగమను” అని ఆమె కూర్చుంది.