బళ్లారి నివేదికలో వీధిబడి

నేటి అనంతపురం ప్రాంతం 1882లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో భాగమే కనుక, ఈ కరువు సీమలో పిల్లల నడవడికకూ చదువుకూ ఉండిన సంబంధాన్ని తెలిపే విలువైన పాత సాక్ష్యం, బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో రాసిన నివేదికలో దొరుకుతుంది. ఒకప్పుడు బళ్లారితో కూడిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన మన్రో, మద్రాసు గవర్నరైన తరువాత 1822లో దేశీయ పాఠశాలల వివరాలు కోరగా, అప్పటికే తెలుగు వ్యాకరణం ప్రచురించి ఉన్న క్యాంప్‌బెల్ అంకెలతో ఆగక బడి లోపలి తీరును కూడా వర్ణించాడు.

వీధిబడి అంటే ప్రభుత్వ సాయమేమీ లేకుండా, పిల్లల తల్లిదండ్రులు ఇచ్చుకున్న దానితో అయ్యవారు నడుపుకొనే బడి. ఉదయం ఆరు గంటలకే తెరిచే ఆ బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో మెప్పుదలగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడికి పొగడ్తా తెగడ్తా లేదన్న గుర్తుగా సున్న చుట్టేవారు. మూడవవాడి నుంచి బెత్తం దెబ్బలు ఒక్కొక్కటిగా పెరుగుతూ పోయేవి. పాఠం మొదలుకాకముందే వేళ తప్పని నడతకు ఈ విధంగా విలువ కట్టిన అయ్యవార్లు, ముందున్న పిల్లల చేత వెనుకబడినవారికి చెప్పించేవారు; చెప్పినవాడి చదువు కూడా దీనివల్ల గట్టిపడుతుందని గుర్తించిన క్యాంప్‌బెల్, ఇంగ్లండు దీనిని అనుకరించడం సమంజసమేనని మెచ్చుకున్నాడు. శ్రద్ధ, తోటివారికి సాయపడే గుణం విద్యాభివృద్ధికి నేరుగా తోడ్పడిన చోటు ఇదే.

నీతి బోధ విషయంలో మాత్రం ఆ తోడ్పాటు కనిపించదు. పిల్లలు వల్లించే పద్యాలు వాడుక భాషకు దూరమైన గ్రాంథికంలో ఉండేవి. అర్థం తెలియకుండా కంఠస్థం చేసినవాడికి వాటివల్ల నీతీ అబ్బలేదు, భాషా అబ్బలేదు. కలెక్టరు చేసిన ఈ విమర్శ న్యాయమైనది.

అయితే ఆ నివేదికలో అన్నిటికంటే బరువైన మాట పేదరికాన్ని గురించినది. విదేశీ వస్త్రాలు వచ్చి స్థానిక చేతిపనివారి బతుకు దెబ్బతినడం, దేశపు ధనం బయటికి తరలిపోవడం వంటి కారణాల వల్ల, పూర్వం బడులున్న అనేక గ్రామాలలో అవి మూతపడ్డాయని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అయిన క్యాంప్‌బెలే ఒప్పుకున్నాడు. విద్యార్థి వెనుకబాటుకు గుణలోపాన్ని మాత్రమే కారణంగా చూపే వాదం ఈ నేల విషయంలో నిలవదు. ఆ నివేదిక అంకెల ప్రకారం 9,27,857 జనాభా గల జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండగా, వారిలో బాలికలు 60 మంది మాత్రమే.