వెలుతురు వేడితోటి కాన్సర్ గడ్డకు వైద్యం

ఎండల నల్లగుడ్డ జల్ది కాలుతది, వెలుతురును మింగుతది కాబట్టి. కాన్సర్ గడ్డను మాడ్చే ‘ఫొటోథర్మల్ థెరపీ’ కిటుకు గూడ గదే.

అమెరికాల రైస్ యూనివర్సిటీ సైంటిస్టులు నవోమీ హలాస్, జెన్నిఫర్ వెస్ట్ బృందం 2003ల ఎలుకల మీద దీన్ని చేసి చూపింది. సిలికా మీద బంగారం పూతున్న నానో రేణువులను నరంలకు ఎక్కిస్తరు. గడ్డల రక్తనాళాలకు సందులెక్కువ, అందుకే రేణువులు ఆడ జమైతయి. కంటికి కనపడని పరారుణ లేజర్ కొడితే అవి వేడెక్కి, చుట్టున్న కాన్సర్ కణాలను చంపుతయి.

ప్రోస్టేట్ కాన్సరున్న 16 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2019ల అచ్చయినయి. పదహారు మందే! ఒళ్లంత పాకిన కాన్సర్‌కు ఈ లేజర్ అందది.

అందుకే ‘బంగారం మందు, లైటు వైద్యం’ అని ఎవడన్న పైసలడిగితే నిలదీయుండ్రి. డాక్టర్ రాసిన కీమో, రేడియేషన్ మాత్రం ఆపకుండ్రి.