పందొమ్మిది డాలర్ల దూరదర్శిని

వెనుకనున్న గాడియు, గొట్టము కొననున్న పూసయు, దూరముననున్న మృగమును ఒక్క వరుసలోనికి వచ్చినగాని పాతకాలపు తుపాకికి గురి కుదరదు. కాని మనుష్యనేత్రము ఏకకాలమున మూడు వేర్వేరు దూరములయందు నిలువజాలదు. పూసను స్పష్టముగా చూచినచో మృగము మసకబారును, మృగముపై దృష్టి నిలిపినచో పూస చెదరిపోవును, నలువది దాటి చత్వారము వచ్చిన వేటగానికి గాడియే సరిగా కానరాదు. ఈ చిక్కును విప్పినది రైఫిలుపై బిగించు చిన్న దూరదర్శిని, అనగా వేటగాండ్రు స్కోపు అని పిలుచు పరికరము. అది మృగమును దగ్గరగా చూపుననుట దాని గుణములలో రెండవది మాత్రమే. మృగమును, గురిగీతలను ఒకే తలమునకు తెచ్చి కంటికి ఒక్క పని మాత్రమే మిగుల్చుట దాని మొదటి గుణము. ఈ భేదమును గుర్తెరిగిన శిల్పులే తక్కువ వెలకు మేలైన పరికరమును చేయగలిగిరి. గుర్తింపని కొనుగోలుదారు నేటికిని అంగడిలో 'ఎన్ని రెట్లు పెద్దదిగా చూపును?' అని మాత్రమే అడుగుచున్నాడు.

పరికరము పాతదే. జాన్ రాట్‌క్లిఫ్ చాప్‌మన్ అను ఇంజనీరు 1848లో వెలువరించిన గ్రంథమున, న్యూయార్కు రాష్ట్రపు యుటికా పట్టణమున తుపాకులు చేయు మోర్గన్ జేమ్స్ తోడ్పాటుతో రూపొందిన దూరదర్శినిని వర్ణించియున్నాడు. ఈస్టిండియా కంపెనీవారి బొంబాయి సైన్యమున కొలువు చేసిన డేవిడ్ డేవిడ్సన్ అను స్కాట్లండు దేశీయుడు చేసిన మరియొక దానిని, అమెరికా అంతర్యుద్ధకాలమున దక్షిణ రాష్ట్రముల గురికాండ్రు విట్‌వర్త్ రైఫిళ్లకు ఎడమప్రక్కన బిగించి వాడిరి. 1855లో సిరక్యూస్ నగరమున పని ప్రారంభించిన విలియం మాల్కం, దృశ్యపు అంచులను రంగులు కమ్మకుండ కటకములను జతపరచి, ఈ వృత్తిని శాస్త్రపు మెట్టుపై నిలిపెను. అతడు చేసిన సన్నని గొట్టములు రైఫిలు గొట్టమంత పొడవుండెడివి. 1870 ప్రాంతములందు పడమటి మైదానములలో బైసన్ మందలను నిర్మూలించిన వేటగాండ్రలో కొందరి చేత ఇవియే యుండెను. ఆ సంహారమును తలచుకొన్నపుడు పరికరపు నైపుణ్యము మనస్సునకు సంతోషము కలిగింపదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటకు స్వస్తి చెప్పించినది. ఆ మార్పును నేను మనసార హర్షించువాడను. అయినను, ప్రయోగశాలలలో పుట్టిన కటకవిద్య సామాన్యుని చేతికి ఏ విధమున దిగివచ్చెనో తెలిసికొనుటకు ఈ పరికరపు చరిత్రను మించినది అరుదు.

పొడవైన గొట్టమును జానెడు పొడవునకు కుదించి, అడవిలో మోసికొనిపోవుటకు అనువుగా చేసిన కీర్తి మధ్యయూరపు వారిది. ఆస్ట్రియాలోని స్ట్రోన్స్‌డార్ఫ్ వాసియు, రాయిస్ రాజవంశీయుని అటవీ అధికారియు అయిన ఆగస్ట్ ఫీడ్లర్ 1880లో చేసిన స్కోపు వేటకు నిజముగా పనికివచ్చిన తొలివానిలో నొకటి. 1898లో వియన్నాలో కార్ల్ రాబర్ట్ కాలెస్ స్థాపించిన కర్మాగారము ఈ పనిని పరిశ్రమగా మార్చెను. అక్కడి వేట పద్ధతి వేరు. మన రైతు జొన్నచేనిలో పిట్టలను తోలుటకు మంచె కట్టునట్లే, అక్కడి వేటగాడు అడవి అంచున మంచె కట్టుకొని, మునిమాపువేళ అడవిపంది పొలములోనికి దిగువరకు నిశ్శబ్దముగ కూర్చుండును. వెలుగు సన్నగిల్లిన ఆ ఘడియలో అతనికి కావలసినది రెట్ల సంఖ్య కాదు, కాంతి. ముందరి కటకపు వ్యాసమును రెట్ల సంఖ్యచే భాగించినపుడు వచ్చు కొలతయే కంటిలోనికి చేరు కాంతిస్తంభపు వెడల్పు. యౌవనమున చీకటిలో కనుపాప సుమారు 7 మిల్లీమీటర్లు విప్పారును గనుక, 56 మిల్లీమీటర్ల కటకము, 8 రెట్ల శక్తి గల స్కోపు అక్కడ సంప్రదాయమై నిలిచినది. ఆ పెద్ద కటకమునకు వెల పెద్దది, బరువు పెద్దది. దానికి తోడు, స్కోపును తుపాకిపై కూర్చు ఉక్కు కొక్కెములను నిపుణులైన పనివారు ఒక్కొక్క తుపాకికి ఆకురాయితో అరగదీసి అమర్చవలసియుండెను.

మొదటి ప్రపంచయుద్ధమున ఈ వేట స్కోపులే కందకములలో మనుష్యులపై గురిపెట్టబడెను. జర్మనీలో వేటగాండ్రయొద్దనుండి రైఫిళ్లు సేకరింపబడెను, ఇంగ్లండున హెస్కెత్ ప్రిచర్డ్ అను వేటగాడే సైనికులకు గురివిద్య బోధించెను. ఆ చరిత్ర వేరు గ్రంథమునకు తగినది. యుద్ధానంతరము అమెరికాలో స్కోపు కొనదలచిన సామాన్యుని స్థితి మాత్రము మనకు ప్రస్తుతము. యూరపు సరకు వెల, దానిని అమర్చుటకగు కూలి కలిసి, రైఫిలు వెలతో సరితూగుచుండెను. ఏడాదికొకమారు శీతకాలపు మాంసమునకై ఒక్క జింకను వేటాడుకొను రైతు ఆ వ్యయమును కలలోనైన తలపెట్టజాలడు; అతడు తన తండ్రివలె గాడిని, పూసను నమ్ముకొని, సగము వెలుగులో తూటా విడిచి, గాయపడిన మృగము వెంట పొదలలో తిరుగుచుండెను.

1930లో, ఆర్థికమాంద్యము దేశమును క్రుంగదీయుచున్న వేళ, కెంటకీ రాష్ట్రపు న్యూపోర్టు పట్టణమున ఇరువదినాలుగేండ్ల యువకుడు విలియం రాల్ఫ్ వీవర్ తన మొదటి స్కోపును అమ్మకమునకు పెట్టెను. దాని పేరు 330. బిగింపు సామగ్రితో కూడ వెల 19 డాలర్లు. ఈ వెలను అతడు నాసిరకపు సరకు వాడి సాధింపలేదు. ఏది అక్కరలేదో నిర్ణయించుకొని సాధించెను, ఆ నిర్ణయమునందే అతని ప్రతిభ యంతయు ఇమిడియున్నది. గొట్టము ముప్పావు అంగుళపు ఉక్కుది. యూరపు స్కోపులవలె ముందువైపు విప్పారక, మొదటినుండి తిన్నగా సాగును గనుక తరిణెపట్టుటకు పని తక్కువ. అంత సన్నని గొట్టములో పెద్ద కటకము పట్టదు గనుక శక్తిని పావుతక్కువ మూడు రెట్లకే పరిమితము చేసెను. అందువలన కాంతి తగ్గలేదు, దృశ్యము విశాలముగ నుండెను, పొదలలోనుండి లేచి పరుగెత్తు జింకను తుపాకి ఎత్తినంతనే కనుగొనుటకు వీలు కలిగెను. గురిని పైకి, క్రిందికి, కుడికి, ఎడమకు జరుపు మరలను, నాటి అమెరికా స్కోపులలో పలువానికివలె బిగింపు సామగ్రిలో గాక గొట్టములోపలనే యుంచెను. అందుచేత బిగింపు చవకగా, గట్టిగా, ఒకేచోట నిలుచునదిగా చేయగలిగెను.

ఈ చివరి విషయమును తేలికగా దాటరాదు. రైఫిలు పేలిన ప్రతిసారి వెనుకకు తన్నును. ఆ తన్నులో స్కోపు వెంట్రుకవాసి కదలినను, నూరు గజముల దూరమున తూటా గురి తప్పును. కటకము ఎంత నిర్మలమైనదైనను, నిన్న కుదిర్చిన గురి నేడు నిలువనిచో అది వేటగానికి అలంకారమే. స్కోపు వెలలో బిగింపునకు వాటా యుండవలెనన్న సత్యమును వీవర్ వలె గ్రహించిన వారు అరుదు. అతని కర్మాగారము తరువాతి కాలమున చేసిన అడ్డగాళ్లు గల పలుచని పట్టాలు, వానిపై ఒక అడ్డు మరతో పట్టుకొను ఉంగరములు నేటికిని అతని పేరుతోనే చెలామణి యగుచున్నవి. 1995లో అమెరికా సైన్యము తన ఆయుధములకు ప్రమాణముగా స్వీకరించిన పికాటినీ పట్టా కూడ ఆ నమూనాకు దగ్గరి చుట్టమే.

1933లో వీవర్ తన యంత్రములతో టెక్సాసులోని ఎల్ పాసో నగరమునకు తరలిపోయెను. రెండవ ప్రపంచయుద్ధమున అతని 330 స్కోపే సైనికనామము ధరించి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లపై నిలిచినది. యుద్ధము ముగిసిన పిమ్మట 1947లో ఒక అంగుళపు గొట్టముతో K వరుస స్కోపులు బయలుదేరినవి. వానిలో నాలుగు రెట్ల K4 అమెరికా వేటగాండ్ర ఇండ్లలో సర్వసాధారణమైనది. ఆ కాలమున యుద్ధపు మిగులుగా వచ్చిన మౌజర్ రైఫిళ్లు కారుచౌకగా దొరకుచుండెను. కాని వాని బోల్టు పిడి పైకెత్తినంతనే స్కోపునకు తగులుచుండుటచే, కంసాలి పనితనము గల తుపాకి మేస్త్రీలు పిడిని కాచి వంచి, పైభాగమున రంధ్రములు తొలిచి మరలు చేయుటయే జీవనోపాధిగా చేసికొనిరి. చౌకగా వచ్చిన తుపాకి ఆ కూలితో చౌక కాకపోయెను. కర్మాగారమునుండియే రంధ్రములతో వచ్చు రైఫిళ్లు రానురాను సామాన్యమైన తరువాతనే ఆ వ్యయము తొలగినది.

ఇంకను రెండు శత్రువులు మిగిలియుండెను: ఒకటి కాంతినష్టము, రెండవది తేమ. పూత లేని గాజు ఉపరితలము ఒక్కొక్కటి తనపై పడిన కాంతిలో సుమారు నూటికి నాలుగు పాళ్లు వెనుకకు త్రోసివేయును. అట్టి ఉపరితలములు పది యున్న స్కోపులో మూడవవంతు వెలుగు దారిలోనే నశించును. జర్మనీలోని జైస్ కర్మాగారమున అలెగ్జాండర్ స్మకులా 1935లో కనుగొన్న సూక్ష్మమైన పూత ఈ నష్టమును బహుళముగ తగ్గించెను. యుద్ధానంతరము అది క్రమముగ సామాన్యపు సరకునకును అబ్బినది. తేమ కథ ఆరెగన్ రాష్ట్రమున నడచినది. వానలు విడువని ఆ అడవులలో, భూమికొలత పరికరములు చేయు కుటుంబమునకు చెందిన మార్కస్ ల్యూపోల్డ్ ఒక జింకపై గురిపెట్టగా, స్కోపులో ఆవిరి పట్టి ఏమియు కానరాక గురి తప్పెననియు, అంతకంటె మేలైనదానిని తానే చేయుదునని అక్కడనే శపథము చేసెననియు ఆ సంస్థవారు చెప్పుకొందురు. 1947 నుండి వారు గొట్టములోని గాలిని తొలగించి పొడి నత్రజని నింపి మూసివేయు పద్ధతిని ఆచరణలో పెట్టిరి. నత్రజని వెల స్వల్పము. అతుకులను గాలి చొరకుండ చేయుటయే కష్టసాధ్యమైన పని. కొనువాని కంటికి కానరాని ఈ పనికి చెల్లించిన ధనము ఎన్నడును వ్యర్థము కాదని నా దృఢవిశ్వాసము. 1962లో ఆ సంస్థయే, అంచులయందు లావుగను నడుమ సన్నగను ఉండు గురిగీతలను తెచ్చి, మసకవెలుతురులో సన్నని గీతలు మాయమగు బాధను కూడ తీర్చినది.

అటుపిమ్మట వచ్చిన మార్పు ఆకర్షణీయమే గాని సర్వథా మేలైనది కాదు. రెట్లను మూడు మొదలు తొమ్మిది వరకు మార్చుకొను స్కోపులు అంగళ్లను ముంచెత్తినవి. కదలు కటకములు, లోపలి జారుగొట్టము, వానికి పట్టు మరలు చేరిన కొలది, అదే వెలకు ఒక్కొక్క భాగమునకు దక్కు శ్రద్ధ తగ్గుట అనివార్యము. ఖరీదైన స్కోపులో ఇది బాధింపదు; చౌకదానిలో రెట్లు మార్చినపుడెల్ల గురి జరుగుట అనుభవజ్ఞులు ఎరిగినదే. నూటయేబది గజములలోపల జింకను వేటాడువానికి నాలుగు రెట్లు నిండుగ చాలును. మిగిలినది వ్యాపారప్రకటనల సృష్టి. జపాను కర్మాగారములు యుద్ధానంతరము ఈ రంగమున ప్రవేశించి, బుష్నెల్ మొదలగు అమెరికా వర్తకుల పేరుతో చక్కని సరకును తక్కువ వెలకు పంపినవి. 1968లో ఓలిన్ సంస్థ చేతికి మారిన వీవర్ కర్మాగారము, దిగుమతుల పోటీ పెరిగిన ఆ యుగముననే, వీవర్ మరణించిన తొమ్మిదేండ్లకు, 1984లో ఎల్ పాసోలో మూతపడెను.

అతని కాలపు ఉక్కుగొట్టపు K4లు నేటికిని అమెరికాలోని పాతతుపాకుల అంగళ్లలో చేతులు మారుచునేయున్నవి. ఎరిగినవాడు దానిని మొదట కిటికీ వైపు త్రిప్పి, ముందునుండియు వెనుకనుండియు చూచి, కటకములపై ఆవిరిచారలు గాని బూజు గాని ఉన్నవేమో పరిశీలించును. తరువాత సర్దుబాటు మరను ఒక కొననుండి మరియొక కొనవరకు త్రిప్పి, గురిగీతలు మొరాయింపక కదలుచున్నవో లేదో చూచును. ఉంగరములు పట్టినచోట గొట్టము నొక్కుకొనిపోయినదేమో వ్రేలితో తడవును. ఈ మూడింటిలో నెగ్గినదానిని కొని, రైఫిలుపై బిగించి, నూరు గజముల దూరమున కాగితముపై గురి కుదిర్చి, మరను ఎనిమిది గళ్లు పైకి, ఎనిమిది కుడికి, మరల ఎనిమిది క్రిందికి, ఎనిమిది ఎడమకు త్రిప్పి, తూటా మొదటి రంధ్రమునొద్దకే తిరిగి వచ్చినదని తేలినగాని, దానిని అడవికి తీసికొనిపోడు.