శిక్షాస్మృతి నుంచి చికిత్స దాకా

దొంగతనానికి పాల్పడ్డాడు, అత్యాచారానికి పాల్పడ్డాడు, ఆత్మహత్యకు పాల్పడ్డాడు. ఈ మూడు వాక్యాల్లో క్రియ ఒక్కటే. మన పత్రికలూ కథలూ బతుకు భారమై కుంగిపోయిన మనిషిని ఇప్పటికీ నేరస్థుల వరుసలోనే నిలబెడుతున్నాయి. నూట అరవై ఏళ్లకు పైగా మన చట్టం చేసిన పని కూడా ఇదే. చట్టం మారింది. భాష ఇంకా మారలేదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ చట్టం చరిత్రను తెలుసుకోక తప్పదు.

1860 నాటి భారత శిక్షాస్మృతి 309వ సెక్షను ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా ప్రకటించి, ఏడాది దాకా సాధారణ జైలుశిక్ష నిర్ణయించింది. దీని మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి. అక్కడ ఆత్మహత్య దేవుని పట్ల, రాజు పట్ల అపరాధం. మృతుని ఆస్తి రాజుకు జప్తయ్యేది. 1870 దాకా ఈ జప్తు పద్ధతి చట్టంలో నిలిచింది. ప్రజల ప్రాణం కూడా రాజు సొత్తేనన్న భూస్వామ్య భావన దీని వెనుక ఉంది. ఇంగ్లండు 1961లో ఈ నేరాన్ని రద్దు చేసుకుంది. వలసపాలన పోయాక కూడా మనం మాత్రం దాన్ని భద్రంగా దాచుకున్నాం.

రద్దు చేయాలని లా కమిషన్ 1971లోనే సిఫారసు చేసింది. 1978లో రాజ్యసభ ఆమోదించిన బిల్లు, లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. తర్వాత వివాదం న్యాయస్థానాల కెక్కింది. రోడ్డు ప్రమాదంలో తలకు గాయమై, ఆపైన మనోవ్యాధికి గురైన ఒక పోలీసు కానిస్టేబుల్ కేసులో బొంబాయి హైకోర్టు 1986లో ఈ సెక్షను చెల్లదని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అదే దశకంలో చెల్లుతుందని తీర్పిచ్చింది. 1994లో సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం సెక్షనును కొట్టివేసింది. ఆ పిటిషనర్లలో ఒకరు, శ్రీకాకుళ ఉద్యమ కాలంలో మరణశిక్ష పడిన నాగభూషణ్ పట్నాయక్ కావడం గమనించదగ్గ విషయం. రెండేళ్లు తిరగకుండానే, 1996లో, అయిదుగురు సభ్యుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి సెక్షనుకు మళ్లీ ప్రాణం పోసింది.

ఈ సెక్షను కింద జైలుకు వెళ్లినవారి సంగతి మాత్రమే చూస్తే దాని హాని అర్థం కాదు. అసలు హాని ఆసుపత్రి గుమ్మంలో జరిగేది. ప్రాణాపాయ స్థితిలో మనిషిని తెస్తే పోలీసు కేసు. కేసు భయంతో కుటుంబం ‘పొరపాటున జరిగింది’ అని చెప్పేది. వైద్యులు శరీరానికి చికిత్స చేసి పంపేసేవారు. మనసు సంగతి అడిగే అవకాశమే ఉండేది కాదు. ఒకసారి ప్రయత్నించినవారికి మళ్లీ ఆ ప్రమాదం ఎక్కువని వైద్యశాస్త్రం చెబుతుంది. సహాయం అత్యవసరమైన ఆ ఘడియలోనే చట్టం వాళ్ల నోరు నొక్కేది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ఈ దృష్టిని తలకిందులు చేసింది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, విచారించి శిక్షించకూడదనీ, సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యతనీ నిర్దేశించింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. అయితే ప్రభుత్వోద్యోగిని విధి నుంచి ఆపడానికి చేసే ఆత్మహత్యాయత్నం అందులో ఇప్పటికీ నేరమే. ఇరోం షర్మిల నిరాహారదీక్షపై ఏళ్ల తరబడి పాత సెక్షనునే ప్రయోగించారన్నది మరువరాదు.

ఇక్కడ అభ్యుదయ సాహితీపరులకు ఒక సందేహం రావడం సహజం. 1997-98లో వరంగల్లు పత్తి రైతులను చంపింది అప్పులు కావా? గిట్టుబాటు ధరకు బదులు మనోవైద్యమా? ప్రశ్న న్యాయమైనదే. మాత్రలు అప్పు తీర్చవు. కాని అప్పుల్లో ఉన్న రైతులందరూ ప్రాణం తీసుకోవడం లేదు. వారాల తరబడి నిద్ర లేక, తిండి సయించక, చేసే పని మీద ఆసక్తి చచ్చి, తానెవరికీ అక్కరలేదనే నమ్మకం గట్టిపడ్డ స్థితికి వైద్యం పెట్టిన పేరు డిప్రెషన్. దానికి కారణం సమాజంలో ఉండవచ్చు, బాధ మాత్రం మనిషిలో ఉంటుంది. ఫ్రాంజ్ ఫానన్ అల్జీరియాలో మనోవైద్యుడిగా పనిచేస్తూ, వలసపాలనే రోగాన్ని పుట్టిస్తోందని గ్రహించి 1956లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. విమోచనోద్యమంలో చేరాడు. అయినా ట్యునీషియా వెళ్లాక రోగులకు చికిత్స చేయడం మానలేదు. ఆ రెండు పనులూ అతనికి పరస్పర విరుద్ధాలు కాలేదు.

చికిత్స అంటే గొలుసులనీ గదులనీ మన జనంలో ఇంకా భయం ఉంది. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో చనిపోయిన ఘటన ఆ భయానికి నిజమైన ఆధారమే. కాని డిప్రెషన్‌తో బాధపడేవారిలో అత్యధికులకు ఆసుపత్రిలో చేరవలసిన పనే లేదు. శిక్షణ పొందినవారితో క్రమంగా మాట్లాడుతూ తన ఆలోచనల తీరును తానే పరీక్షించుకోవడం ఒక మార్గం. మందులు మరొకటి, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక ఓపిక కావాలి. 2015-16 జాతీయ సర్వేలో సాధారణ మానసిక రుగ్మతలున్న వారిలో నూటికి 85 మందికి చికిత్స అందడం లేదని తేలింది. వైద్యుల కొరతకు సిగ్గు కూడా తోడైన ఫలితమిది. 2022లో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

మన సాహిత్యం ఈ బాధను చట్టం కంటే ముందే గుర్తించింది. 1940ల్లో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు పతనాన్ని లోపలి నుంచి చూపాడు. విమర్శకులు అతనిలో ఒక వర్గం శిథిలం కావడాన్ని చూశారు. అది సరైన పఠనమే. దానితోపాటు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది: అతడు చెప్పుకోవడానికి ఎవరున్నారు? ఆత్మహత్యను కథకు అనువైన ముగింపుగానో, వీరోచిత త్యాగంగానో వాడుకునే రచయిత ఈ ప్రశ్నను తప్పించుకుంటున్నాడు. శిక్షాస్మృతిలోంచి ఒక సెక్షనును తీసివేయడానికి పార్లమెంటు కావలసి వచ్చింది. ‘పాల్పడ్డాడు’ అన్న మాటను మన వాక్యాల్లోంచి తీసివేయడానికి రచయితలు చాలు.