కురవి చరిత్రను చేర్యాల పటంలా గీస్తే?

ఈ ఎపిసోడ్‌లో మన కురవి చరిత్ర. కానీ ముందు చేర్యాల పోవాలె. కురవి, చేర్యాల రెండూ పాత వరంగల్ జిల్లావే.

చేర్యాల నకాషీ వాళ్లు ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద గడులు గడులుగా కథ గీస్తారు. పటం చాలా పొడుగు ఉంటది. కథకుడు దాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, బొమ్మ చూపిస్తూ రాత్రిళ్లు కథ చెప్తాడు. మనం ఫోన్‌లో స్క్రోల్ చేసినట్టే! కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్తే, డక్కలి వాళ్లు మాదిగలకు జాంబ పురాణం చెప్తారు. స్కూల్ పుస్తకంలో దొరకని తమ కులం పుట్టుక కథను జనం ఈ బొమ్మల్లోనే చూసుకున్నారు. ఇప్పుడేమో ఒక్కో గడినే ఫ్రేమ్ కట్టి గోడకు వేలాడదీస్తున్నం. అందంగానే ఉంటది, కానీ ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది అన్నది పోయింది.

ఇక కురవికొద్దాం. దీని పాత పేరు కొరవి, ముదిగొండ చాళుక్యుల రాజ్యం. ఇక్కడి కొరవి శాసనం తెలుగు వచనంలో దొరికిన తొలినాటి శాసనాల్లో ఒకటి. 12వ శతాబ్దపు గూడూరు శాసనం ఇంకో కథ చెప్తది: విరియాల ఎర్రన శత్రువును చంపి బొట్టు బేతను కొరవి గద్దె మీద కూర్చోబెట్టాడు. ఆయన భార్య కామసాని, కాకతి గరుడ బేతకు చక్రవర్తి దగ్గర అనుమకొండ ఇప్పించింది. అంటే కాకతీయుల కథ మొదట్లోనే ఒక ఆడమనిషి రాయబారం ఉందన్నమాట!

చదివితే రెండు వాక్యాలు. గీయబోతే మాత్రం చిక్కులే. చక్రవర్తి ముందు కామసాని నిలబడిందా, కూర్చుందా? ఏం కట్టుకుంది? పటంలో ముఖ్యమైన మనిషిని పెద్దగా గీస్తారు. మరి ఇక్కడ ఎవరు పెద్ద? శాసనంలో ముఖం లేదు, నగలు లేవు. పెన్ను పట్టుకున్నప్పుడే తెలుస్తది, మనకు తెలిసింది ఎంత తక్కువో.

ఏఐకి ఈ ఇబ్బంది లేదు. "కాకతీయ రాణి" అని కొడితే సెకన్లలో సినిమా హీరోయిన్ ముఖం, వడ్డాణంతో సహా వచ్చేస్తది. అది వాట్సాప్‌లో నాలుగు గ్రూపులు తిరిగేసరికి "అసలు ఫోటో" అయిపోతది. నాకు భయం అక్కడే.

అందుకే హిస్టరీ టీచర్లకు ఒక రిక్వెస్ట్. ఈ కథను పిల్లలతో నాలుగు గడుల్లో గీయించండి. శాసనంలో ఉన్నది నల్ల గీతతో, ఊహించింది ఎర్ర గీతతో. కామసాని గడిలో ఎర్ర గీతలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి కామెంట్‌లో చెప్పండి.